అణా పోయింది, చిల్లర తగవు మిగిలింది

దశాంశ నాణేలు వచ్చి అరవై అయిదేళ్లు దాటింది. రూపాయికి నూరు పైసల లెక్క వర్తకానికి మేలు చేసిందనడంలో రెండో మాట లేదు. చిట్టా రాయడం తేలికైంది, వడ్డీ, కమీషన్ లెక్కలు సులువయ్యాయి. అయితే మార్పు నాడు తలెత్తిన ప్రశ్న ఒకటి నేటికీ మార్కెట్ యార్డుల్లో తేలలేదు. లెక్క సరిగ్గా తెగనప్పుడు మిగిలే చిల్లర ఎవరిది?

దేవరయాంజాల్ వంటి మేడ్చల్, శామీర్‌పేట పరిసర గ్రామాలకు ఈ ప్రశ్న కొద్ది కాలంలోనే మూడుసార్లు ఎదురైంది. నిజాం సంస్థానంలో చెలామణి హాలీ సిక్కాది. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. అంటే నూరు కల్దార్లకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు. సంస్థానం విలీనమయ్యాక 1950 నుంచి భారత రూపాయి వచ్చింది, హాలీని క్రమంగా ఉపసంహరించారు. ఆ లెక్క అలవాటయ్యేలోగా 1957 ఏప్రిల్ 1న నయాపైసా దిగింది. 1958 అక్టోబరులో మెట్రిక్ తూనికలు మొదలై, 1962 నాటికి వర్తకంలో సేరు స్థానాన్ని కిలో ఆక్రమించింది.

నయాపైసాతో రూపాయి విలువ మారలేదు, దాని భాగాలే మారాయి. 16 అణాలు, 192 పైల రూపాయి 100 నయాపైసలైంది. పావలా 25, అర్ధరూపాయి 50, ముప్పావలా 75. వీటితో పేచీ లేదు. పేచీ అంతా అణా, బేడల దగ్గరే. అణాకు ఆరుంపావు నయాపైసలు, బేడకు పన్నెండున్నర. అర పైసా వరకూ వదిలేయాలని, అంతకు మించితే పూర్తి పైసాగా లెక్కించాలని నియమం పెట్టారు. ఆ ప్రకారం అణా 6, బేడ 12, మూడణాలు 19 అయ్యాయి.

నియమం సబబైనదే. కాని దానిని ఎక్కడ వర్తింపజేశారన్నదే అసలు విషయం. అణా చొప్పున నాలుగు ఆకుకూర కట్టలు విడివిడిగా అమ్మితే వచ్చేది 24 నయాపైసలు. నాలుగూ ఒకే లెక్కలో వేస్తే 25. దుకాణదారు అణా సరకుకు 7 తీసుకుంటే పదహారు బేరాల్లో రూపాయికి 112 నయాపైసలు వసూలైనట్లు. టోకు బేరాలకు ఇది లెక్కలోకి రాని తేడా. గంపతో కూర్చున్నవారికీ, అణాల్లో కొనేవారికీ మాత్రం అదే లాభనష్టం.

సేరు విషయంలోనూ ఇంతే. 80 తులాల సేరు 933 గ్రాములు. సేరు పావలా ఉన్న సరకు కిలో దాదాపు 27 నయాపైసలు కావాలి. పాత ధరకే కిలో ఇస్తే అమ్మినవారికి నష్టం, 30 చేస్తే కొన్నవారికి నష్టం.

పావలా, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయాయి. అర్ధరూపాయి చట్టరీత్యా చెల్లుతున్నా బజారులో తీసుకునేవారు అరుదు. కనుక చిల్లర సవరణ తప్పదు. లావాదేవీలు వందలున్న చోట పైసల కోసం కూర్చుంటే పని సాగదన్న వర్తకుల మాటలోనూ నిజముంది.

అయితే సవరణ వేరు, కోత వేరు. తక్‌పట్టీలో పది వరుసలుండి, ప్రతి వరుస చివర 90 పైసలు కొట్టేస్తే రైతుకు 9 రూపాయలు తగ్గుతుంది. అన్నీ కూడి చివర ఒక్కసారే సవరిస్తే తేడా ఎటుపోయినా అర్ధరూపాయికి మించదు. తూకంలో చిల్లర ఇంకా ఖరీదైనది. క్వింటాలు 2,000 రూపాయలున్నప్పుడు బస్తాకు అరకిలో వదిలేస్తే 10 రూపాయలు పోయినట్లే. ఒప్పుకున్న తరుగు ఉంటే దానిని తరుగుగానే రాయాలి, చిల్లర సవరణలో కలపరాదు.

సొమ్ము బ్యాంకు ఖాతాలో జమయ్యే చోట నాణెం లేదన్న సాకు కూడా చెల్లదు, అక్కడ పైసలతో సహా చెల్లించవచ్చు. నగదు బేరాల్లో సవరణ పద్ధతిని తూకానికి ముందే బోర్డుపై రాసి, మొత్తంపై ఒక్కసారే అమలు జరపడం మార్కెట్ కమిటీలకు, అడ్తిదారులకు కష్టమేమీ కాదు. మిగిలిన చిల్లర కలం పట్టినవారిదన్న అలవాటు ఉన్నంతకాలం రైతుకు తక్‌పట్టీపై నమ్మకం కుదరదు. నమ్మకం లేని యార్డుకు సరకు రావడం తగ్గితే నష్టం పైసల్లో ఉండదు.