నెత్తిన అద్దం... వెనక సీటుకే ఎండ!

కోనసీమ పాత పెంకుటిళ్లలో వంటగది కప్పుకి ఒక గాజు పెంకు ఉండేది. పొయ్యి దగ్గర వెలుగు పడటానికి ఆ ఒక్కటీ చాలు. ఇంకో నాలుగు పెట్టించమని ఏ ఇల్లాలూ అడిగేది కాదు. వెలుగుతోపాటు వేడీ దిగుతుందని ఆవిడకు తెలుసు మరి.

ఇప్పుడు కార్ల కప్పులు చూడండి. ముందు సీటు నుంచి వెనక సీటు దాకా అద్దమే. 2019లో వచ్చిన ఎంజీ హెక్టర్, 2020 నాటి కొత్త హ్యుందాయ్ క్రెటాతో ఈ పనోరమిక్ సన్‌రూఫ్ మధ్యతరగతి ఇళ్లదాకా వచ్చేసింది. 2024 నవంబరులో విడుదలైన మహీంద్రా బీఈ 6కి, 2025 జూలైలో మనదేశానికి వచ్చిన టెస్లా మోడల్ వైకి తెరుచుకోని అద్దం కప్పులున్నాయి. టెస్లాలో ఆ అద్దం కింద తెర కూడా ఉండదు. కావాలంటే విడిగా కొనుక్కోవాలి.

చలిదేశాల్లో ఎండ కోసం మొహం వాచిపోయి ఉంటారు. వాళ్లకు నెత్తిన అద్దం సరదాగానే ఉంటుంది. అమలాపురంలో రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం మాటేమిటి?

ఎవరి ముచ్చట? ఎవరికి ఉక్క?

చాలా ఇళ్లల్లో కారు ఎంచుకునేది నడిపేవారే. వారి కళ్ల ముందు ఎండకు మడతరేకు ఉంటుంది. ఏసీ చల్లదనం ముందుగా తగిలేదీ వారికే. పెద్ద అద్దం కింద వెనక కూర్చునేది మాత్రం అమ్మమ్మలు, చంటిపిల్లల తల్లులు, స్కూలు పిల్లలు. వైశాఖంలో పెళ్లికి పట్టుచీర కట్టుకుని రాజోలు నుంచి కొత్తపేట వెళ్లే ఆడపడుచును అడగండి, నడినెత్తి ఎండ అంటే ఏమిటో చెబుతుంది! సముద్రం పక్కనే ఉన్న సీమ మనది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పట్టిన చెమట ఓ పట్టాన ఆరదు. చెమట ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది?

ఇందులో కిటుకేమీ లేదు. ఎండ అద్దంలోంచి లోపలికి వచ్చి సీట్లనూ డాష్‌బోర్డునూ కాలుస్తుంది. అవి తిరిగి వదిలే వేడి మాత్రం అద్దం దాటి అంత తేలిగ్గా బయటకు పోదు. ఎండలో వేడిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. అందుకే అద్దం నల్లగా ఉన్నంత మాత్రాన చల్లగా ఉంటుందనుకోకూడదు. నలుపు వెలుగును తగ్గిస్తుంది. పరారుణాన్ని ఆపాలంటే అందుకు తగిన పూత ఉండాలి.

అడ్డు ఎక్కడ పెట్టాలి?

ఎండను అద్దం పైనే ఆపాలి. ఇది మన పెద్దవాళ్లకు తెలిసిన సంగతే. కిటికీ లోపల కర్టెన్ కన్నా గుమ్మం బయట కట్టిన వట్టివేళ్ల తడికే ఎక్కువ చల్లదనం ఇచ్చేది. కారుకూ అంతే. ఆగి ఉన్నప్పుడు పైన తెల్లటి లేదా వెండిరంగు కవరు కప్పితే ఎండ అక్కడే వెనక్కి పోతుంది. లోపలి తెర వేడిని పూర్తిగా ఆపలేదు కానీ ఎండ నేరుగా ఒంటిమీద పడకుండా కాస్తుంది. ప్రయాణంలో అదే దిక్కు. కాబట్టి తెర లేని కారు కొంటే దాని ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

ఎండ తప్పించాలని కొబ్బరిచెట్టు కింద మాత్రం నిలపకండి! ఇనుప కప్పు మీద కాయ పడితే సొట్టతో పోతుంది, అద్దం మీద పడితే పగుళ్లే. ఎండుమట్ట పడ్డా ప్రమాదమే. మామిడి, వేప నీడ చూసుకోండి.

ఫిల్మ్ అంటించవచ్చా?

చాలామందికి ఇక్కడే సందేహం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 100వది దీని గురించే. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుగు రావాలి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఈ అద్దాలకు ఏ ఫిల్మూ అంటించరాదంది. తర్వాత నియమం మారి, 2021 ఏప్రిల్ నుంచి ప్లాస్టిక్ పొర ఉన్న భద్రతా అద్దానికీ చోటిచ్చింది. ఆ శాతాలకు లోబడిన ఫిల్ముకు జరిమానా వేయరాదని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు చెప్పింది. ఈ శాతాలు కిటికీలకూ ముందు వెనక అద్దాలకూ చెప్పినవి. కప్పు అద్దానికి ఫిల్మ్ వేయించే ముందు రవాణా కార్యాలయంలో అడగండి. వారంటీ పోదని కంపెనీ చేత రాయించుకోండి. వేడిని పీల్చుకునే ఫిల్మ్ వేస్తే కొన్ని అద్దాలు పగిలే అవకాశం కూడా ఉంది.

తెర ఉంది కదా అనుకోకండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. 2025 ఏప్రిల్‌లో చేవెళ్ల దగ్గర దామరగిద్దలో ఇద్దరు చిన్నారులు, మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో నలుగురు పిల్లలు, ఆగి ఉన్న కార్లలో చిక్కుకుని చనిపోయారు. ఆడుకుంటూ ఎక్కిన పసివాళ్లు! ఆ కార్ల కప్పు అద్దమా, ఇనుమా అన్నది కాదు ప్రశ్న. 2005లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఎండలో ఆగిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీలు పెరుగుతుంది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. కిటికీ కాస్త దించి ఉంచినా పెద్ద తేడా లేదు.

అంటే తెర, కవరు, ఫిల్మ్ ప్రయాణాన్ని సుఖపెట్టేవేగానీ బిడ్డను కాపాడేవి కావు. 'అయిదు నిమిషాల్లో వచ్చేస్తా' అని పిల్లను సీట్లో వదలకండి. కారు ఇంటిముందు ఉన్నా తాళం వేసి ఉంచండి, తాళంచెవి పిల్లలకు అందనివ్వకండి. పిల్లలు కనిపించకపోతే ముందు వెతకాల్సిన చోట్లలో కారునూ చేర్చండి.

ఇక కొత్త కారు కొనేవారికో మాట. షోరూంకి మీరూ వెళ్లండి. ఏసీ గదిలో నిలబెట్టిన కారు చూసి మురిసిపోవద్దు. టెస్ట్ డ్రైవ్ మధ్యాహ్నం పన్నెండింటికి పెట్టించుకోండి. చెట్టునీడల కాలవగట్టు మీద కాదు, 216వ జాతీయ రహదారి మీద అరగంట తిప్పమనండి. మీరు వెనక సీట్లో కూర్చోండి, పెద్దావిణ్ణీ పక్కన కూర్చోబెట్టుకోండి. కప్పు సంగతి అప్పుడు తేల్చండి. ఎండ భరించేవారికే ఆ నిర్ణయంలో మొదటి మాట ఉండాలి.