మన్నింపు కూడా నియమమే

2023 మే 14 రాత్రి పటియాలాలోని దుఃఖ్‌నివారణ్ సాహిబ్ గురుద్వారాలో ఒక మహిళను కాల్చి చంపారు. సరోవరం ఒడ్డున కూర్చుని మద్యం తాగుతోందని అక్కడివాళ్లు ఆమెను మేనేజర్ గది దగ్గరకు తీసుకెళ్లారు. అక్కడే దర్శనానికి వచ్చిన ఒకడు తుపాకీ తీశాడు. ఒక సేవాదారుకూ గాయమైంది. మద్యం అలవాటు మాన్పించే కేంద్రంలో ఆమె చికిత్స తీసుకుందని తర్వాత పోలీసులు చెప్పారు. పవిత్ర స్థలంలో తాగడం అపచారమే, కాదనేవారు లేరు. కానీ కాల్చినవాణ్ని మెచ్చుకున్న గొంతులు కూడా వినిపించాయి. ఆ హత్య ఎంత బాధ పెట్టిందో, ఆ మెచ్చుకోలు అంతకంటే ఎక్కువ భయపెట్టింది.

సిక్కు ధర్మం మద్యాన్ని ఒప్పుకోదు. ఇందులో సందేహానికి తావులేదు. గురుద్వారాలను నిర్వహించే శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ 1945లో ఖరారు చేసిన ప్రవర్తన నియమావళి ‘సిక్కు రహిత్ మర్యాద’ మద్యం, నల్లమందు, భంగు, పొగాకు అన్నింటినీ నిషేధించింది. మూడో గురువు అమర్‌దాస్ వాణిలోనూ మద్యం మతి పోగొడుతుందన్న హెచ్చరిక ఉంది. మితంగా పుచ్చుకుంటే దోషం లేదనే వాదనకు అక్కడ చోటు దొరకదు.

అయితే నిషేధంతోనే ఆ నియమావళి ఆగిపోలేదు. కేశఖండనం, కుఠా (హలాల్ పద్ధతిలో వధించిన జంతువు) మాంసం, వ్యభిచారం, పొగాకు అనే నాలుగింటినీ అది మహాపరాధాలుగా లెక్కించింది. మద్యాన్ని ఆ నాలుగింటిలో చేర్చలేదు, ‘తన్‌ఖా’ (ప్రాయశ్చిత్త శిక్ష) విధించదగిన తప్పుల్లో ఉంచింది. తప్పు చేసినవారు సంగత్ (భక్త సమూహం) ముందు నిలబడి ఒప్పుకోవాలి. గురు గ్రంథ్ సాహిబ్ సమక్షంలో, ఆ సంగత్‌లోంచే ఐదుగురిని పంజ్ ప్యారేలుగా ఎంచుకోవాలి. వారు విధించే శిక్ష ఏదో ఒక సేవగా, ముఖ్యంగా చేతులతో చేసేదిగా ఉండాలి. అంట్లు తోమడం, చెప్పులు తుడవడం వంటివి ఇలా వచ్చినవే. 2024 డిసెంబరులో పంజాబ్ మాజీ ఉప ముఖ్యమంత్రి సుఖ్‌బీర్ సింగ్ బాదల్‌కు, పాలనలో చేసిన తప్పులకుగాను సిక్కుల అత్యున్నత ధర్మపీఠం అకాల్ తఖ్త్ విధించింది ఇటువంటి సేవే. క్షమించే విషయంలో సంగత్ మొండిపట్టు పట్టకూడదని కూడా ఆ మర్యాదే చెబుతుంది. అంటే తీర్పు చెప్పేవారికీ నియమం ఉంది. తాగినవాణ్ని నలుగురిలో నిలదీసేవారు నిషేధం వరకే చదివి, ఈ భాగాన్ని వదిలేస్తున్నారు.

వదిలేయడానికి కారణం ఉంది. ఈ మర్యాద ప్రకారం నడవాలంటే ఓపిక కావాలి, అవతలివాడి గోడు వినాలి. వేషం చూసి తేల్చేయడం సులువు. జుట్టు కత్తిరించుకున్న కుర్రాడు చుక్క ముట్టకపోయినా ‘మోనా’గా చులకనవుతాడు. పెళ్లి విందులో గ్లాసు పట్టుకున్న తలపాగా పెద్దమనిషికి గౌరవం ఏమీ తగ్గదు. అదే గ్లాసు ఆడమనిషి చేతిలో కనిపిస్తే ఇంటి పరువంతా పోయినట్టే మాట్లాడతారు. సిక్కు యోధ సంప్రదాయానికి చెందిన నిహంగుల్లో కొన్ని దళాలు భంగుతో చేసే ‘సుఖా’ను సంప్రదాయమని సేవిస్తాయి. కానీ మర్యాద నిషేధించిన జాబితాలో భంగు కూడా ఉంది.

చట్టంలోనూ ఈ చిక్కు కనిపిస్తుంది. 1925 నాటి సిక్కు గురుద్వారాల చట్టం ప్రకారం కేశాలు, గడ్డం కత్తిరించేవారికి, పొగ తాగేవారికి, మద్యం తాగేవారికి ప్రబంధక్ కమిటీ ఎన్నికల్లో ఓటు లేదు. కాగితం మీద మూడూ సమానమే. కేశాలు తీసిన సంగతి మనిషిని చూస్తే తెలిసిపోతుంది. మద్యం విషయంలో మాత్రం దరఖాస్తుదారు మాటే ఆధారం. దీక్ష తీసుకోకుండా సిక్కు ధర్మాన్ని అనుసరించే సహజ్‌ధారీలకు కేశాల విషయంలో ఉన్న మినహాయింపును 2016 సవరణ తీసేసింది. దాంతో తాగని సహజ్‌ధారీకి ఓటు పోయింది. తాగుతూనే తాగనని సంతకం పెట్టే కేశధారికి ఓటు మిగిలింది.

ఈ వేలెత్తి చూపడం వల్ల తాగుడు తగ్గిందా? బ్రిటన్ సిక్కుల్లో 2018లో బీబీసీ చేయించిన సర్వేలో 27 శాతం మంది తమ కుటుంబంలో ఎవరికో ఒకరికి మద్యం సమస్య ఉందని చెప్పారు. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం ఉన్నచోట వ్యసనం ఇంట్లో దాక్కుంటుంది, వైద్యుడి దాకా రాదు. పంజాబ్‌లో పరిస్థితి ఇంకా దారుణం. 2020లో తరన్‌తారన్, అమృత్‌సర్, గురుదాస్‌పూర్ జిల్లాల్లో కల్తీ మద్యం 100 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2025 మేలో మజీఠా ప్రాంతంలో మరో 20 మందికి పైగా పోయారు. ఎక్కువమంది రెక్కాడితే గానీ డొక్కాడని కూలీలు. అదే రాష్ట్ర ప్రభుత్వం 2025-26లో ఎక్సైజ్ రాబడి లక్ష్యాన్ని 11 వేల కోట్ల రూపాయలు దాటించింది. తాగినవాడి మీద పడినంత కోపం ఈ లెక్క మీద పడటం లేదు.

కోపం తాగుడు మీదే తప్ప రాబడి మీద పడకపోవడం మన తెలంగాణలోనూ జరిగింది. 2024 నవంబరులో పంజాబీ గాయకుడు దిల్‌జిత్ దోసాంజ్ హైదరాబాద్ కచేరీకి ముందు, మద్యాన్ని గొప్పచేసే పాటలు పాడవద్దని తెలంగాణ అధికారులు నోటీసు ఇచ్చారు. పిల్లల చెవిన అలాంటి పాటలు పడకూడదనడం న్యాయమే. తర్వాత అహ్మదాబాద్‌లో ఆయన, ప్రభుత్వాలన్నీ మద్యం దుకాణాలు మూసేస్తే తానూ ఆ పాటలు మానేస్తానన్నాడు. దానికి మద్యం రాబడి మీద ఆధారపడ్డ ఏ ప్రభుత్వమూ జవాబు చెప్పలేదు, మనదీ చెప్పలేదు.

పరిష్కారం ప్రబంధక్ కమిటీ చేతిలోనూ ఉంది. దాని వార్షిక బడ్జెట్ 1,300 కోట్ల రూపాయలు దాటింది. ఆసుపత్రులు, కళాశాలలు నడుపుతున్న అనుభవం దానికి ఉంది. పెద్ద గురుద్వారాలన్నింటిలో వ్యసనం వదిలించుకోవాలనుకునేవారికి ఒక గది, ఒక వైద్యుడు, పేరు బయటపెట్టని ఒక సలహాదారు ఉండాలి. ఆడవాళ్లకు ఆడ సలహాదారే ఉండాలి. గ్రంథీలు ప్రసంగాల్లో నిషేధం గురించి చెప్పిన ప్రతిసారీ తన్‌ఖా భాగాన్నీ, సంగత్ మొండిపట్టు పట్టకూడదన్న మాటనూ కలిపి వినిపించాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. అకాల్ తఖ్త్ ఒక ఆదేశం ఇస్తే చాలు.