సీసాలో రంగు చూసి తీర్పు చెప్తరా?

కల్లు కల్తీ ముచ్చట వచ్చినప్పుడల్లా మనం రెండు మాటలే వింటున్నం. రంగొచ్చింది కాబట్టి కల్తీ. రంగు రాలేదు కాబట్టి మంచి కల్లు. రెండూ తప్పే. ఆ రంగు ఏం చెప్తదో, ఏం చెప్పదో ముందు మనకు తెలవాలె.

2004లో ఉమ్మడి రాష్ట్ర సర్కారు హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మూస్తే గౌడన్నల పొట్ట కొట్టిన్రని కొట్లాడినం. 2014లో రాష్ట్రం రాంగనే తెరిపించుకున్నం. కాబట్టి ఆ దుకాణంలో ఏం పోస్తున్నరని అడగాల్సింది కూడా మనమే.

కల్లులో పాత కల్తీ క్లోరల్ హైడ్రేట్. జనం సీహెచ్ అంటరు. దాన్ని పట్టేది ఫుజివారా పరీక్ష. నమూనాకు పిరిడిన్, కాస్టిక్ సోడా కలిపి వేడి చేస్తే పైపొర గులాబీ ఎరుపుకు తిరుగుతది. క్లోరోఫాం ఉన్నా అదే రంగు వస్తది! తర్వాత వచ్చింది డైజీపాం. దానికి జిమ్మర్‌మన్ పరీక్ష, ఎరుపు కలిసిన ఊదా రంగు. ఇప్పుడు కల్లులో బయటపడుతున్నది ఆల్ప్రాజోలం. ఇది డైజీపాంకు చుట్టమే, కానీ జిమ్మర్‌మన్ పరీక్షకు రంగు చూపదు. అంటే రంగు రాలేదని వదిలేసిన సీసాలోనే మత్తుమందు ఉండొచ్చు.

అందుకే వీటిని ప్రాథమిక పరీక్షలన్నరు. అనుమానం వరకే వాటి పని. ఏ మందు, ఎంత కలిసింది అన్నది తేల్చేది ల్యాబులోని క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రాలు. రంగునే నమ్ముకుంటే ఏమైతదో అమెరికాను చూడున్రి. 2015లో ఓర్లాండోలో ఒకాయన కారులో రాలిన డోనట్ చక్కెర పొడిని పోలీసు కిట్టు మెథాంఫెటమిన్ అని చూపింది. ఆయనను జైలుకు పంపిన్రు. ల్యాబు కాదన్నంక కేసు కొట్టేసిన్రు.

మన దగ్గర ఆ పొరపాటు ఇంకా పెద్ద శిక్ష. ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఆల్ప్రాజోలం 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. బెయిల్ దొరకుడు కష్టం, నేరం రుజువైతే పదేండ్లకు తక్కువ శిక్ష లేదు. మందు ఒక్కటే కాదు, అది కలిసిన మొత్తం సరుకును తూకం వెయ్యాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్కన చిటికెడు పొడి కలిసిన ఒక్క సీసా కల్లే 100 గ్రాములు దాటుతది. దీనికి బలయ్యేది ఎవరు? చెట్టెక్కే గీత కార్మికుడా, పొడి తయారుచేసి అమ్మేటోడా? ఆల్ప్రాజోలం ఈత చెట్టుకు కాయదు. 2025 సెప్టెంబర్‌లో బోయినపల్లిలో ఒక బడి బిల్డింగులోనే దాన్ని తయారుచేస్తుంటే పట్టుకున్నరు. సరుకు పాలమూరు దిక్కు కల్లు దుకాణాలకు పోతున్నదని పోలీసులే చెప్పిన్రు.

తాగేటోళ్ల గోస వేరు. 2015లో దాడులు పెరిగి మందు కల్లు ఆగేసరికి పాలమూరు, నిజామాబాద్ జిల్లాలలో జనం ఒణుకుతూ, పిచ్చి చూపులతోటి దవాఖానల్లో చేరిన్రు. 2025 జూలైలో కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు తాగి మనుషులే పోయిన్రు. అప్పుడు నమూనాలు ల్యాబుకు పోయినయి, ఆల్ప్రాజోలం తేలింది. పీనుగులు లేచినంక పోయే నమూనా ముందే ఎందుకు పోదు?

మేము అడిగేది పెద్ద కోరికేం కాదు. ప్రతి పాత జిల్లా కేంద్రంలో ఆల్ప్రాజోలంను తేల్చే యంత్రమున్న ల్యాబు పెట్టాలె. దుకాణం నుంచి నమూనా తీసినప్పుడు రెండో సీసా సీలు వేసి సొసైటీ చేతికియ్యాలె. వారంలో రిపోర్టు రావాలె, ఏ మందు ఎంత ఉన్నదో రాసిన కాగితం దుకాణం గోడకు అతికియ్యాలె. రంగొచ్చిందని పేర్లు, ఫొటోలు పేపర్లకు పంపుడు రిపోర్టు వచ్చేదాకా ఆపాలె. మా పేపరోళ్లం కూడా ఆపాలె.