తెలంగాణ సినిమా బాక్సాఫీసు దగ్గర పుట్టలేదు

ఇవాళ తెలంగాణ యాస అమ్ముడుపోతున్నది. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ పిల్ల మాట్లాడితే థియేటర్లు నిండాయి. 2023లో 'బలగం' వస్తే ఊళ్లల్లో తెరలు కట్టుకొని చూశారు, కంటతడి పెట్టుకున్నారు. మాకు సంతోషమే. మన మాటను మనోళ్లే తెరమీద పలకడం కన్నా కావలసింది ఏమున్నది?

కానీ ఈ సంబురం చాటున ఒక అబద్ధం తిరుగుతున్నది. తెలంగాణ సినిమా ఇప్పుడే పుట్టిందట! కాసులు రాలినప్పటి నుంచే లెక్క పెట్టాలట! ఈ మాటను మేము ఒప్పుకోము. తెలంగాణ సినిమా బాక్సాఫీసు దగ్గర పుట్టలేదు. మన యాసను విలన్ నోట్లో, కమెడియన్ నోట్లో పెట్టి నవ్వుకున్న రోజుల్లోనే అది పుట్టింది. దానికి పురుడు పోసినవాళ్లలో ముందు వరుసలో నిలిచే పేరు బి.నర్సింగరావు.

గజ్వేల్ పక్కన ప్రజ్ఞాపూర్‌లో 1946లో పుట్టిన మనిషి. కవి, చిత్రకారుడు, ఫొటోగ్రాఫర్, కథకుడు, డాక్యుమెంటరీలు తీసిన దర్శకుడు. 1970ల మొదట్లో ఆయన నడిపిన ఆర్ట్ లవర్స్ అసోసియేషన్ బుర్రకథలతో, పాటలతో జనంలోకి పోయింది. విఠల్‌రావు అనే పేద ఇంటి పిలగాడు గద్దర్‌గా ఎదిగే దారిలో తొలి అడుగులు వేసింది అక్కడే. జననాట్యమండలి వేళ్లు కూడా అక్కడే ఉన్నాయి.

ఆ తర్వాత 'మా భూమి'. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటం మీద ఉర్దూ రచయిత కిషన్ చందర్ రాసిన నవల దానికి ఆధారం. డైరెక్షన్ బెంగాలీవాడు గౌతమ్ ఘోష్‌ది. ఆయనకది మొదటి కథాచిత్రం. జి.రవీంద్రనాథ్‌తో కలిసి ఆ సినిమాను నిర్మించి, రచనలోనూ చెయ్యి కలిపినవారు నర్సింగరావు. దొర గడీ, వెట్టి, దానిమీద మర్లబడ్డ రైతుకూలీ అన్నీ మొదటిసారి మన మాటలో తెరకెక్కాయి. తెరమీద నిలబడి పాట ఎత్తుకున్నది ఎవరు? గద్దర్! ఉర్దూ కథ, బెంగాలీ దర్శకుడు, తెలంగాణ మట్టి. పరాయి భాషవాళ్లకు అర్థమైన మన గోస, సాటి తెలుగు సినిమావాళ్లకు ఎందుకు అర్థం కాలేదు? జవాబు చెప్పండి!

చెన్నై నుంచి తరలివచ్చిన పరిశ్రమకు హైదరాబాద్‌లో స్టూడియోలు కట్టుకొమ్మని ప్రభుత్వ భూములు దక్కాయి. ఆ స్టూడియోల్లో తెలంగాణ పల్లె కనిపించలేదు. 1983లో 'రంగుల కల' తీసి, ఒక చిత్రకారుని తండ్లాటను తానే నటించి చూపించారు నర్సింగరావు. 1988లో 'దాసి'. దొరసాని వెంట అరణంగా గడీకి వచ్చిన ఆడమనిషి బతుకు. అందులో అర్చనకు ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. కళా దర్శకత్వానికి మన తోట వైకుంఠానికి వచ్చింది. మొత్తం 5 జాతీయ అవార్డులు. 1990లో 'మట్టి మనుషులు'. పల్లె విడిచి పట్నంలో ఇటుకలు మోసే కూలీల కథ. ఈ మూడూ ఆయా ఏండ్లకు ఉత్తమ తెలుగు చిత్రాలుగా జాతీయ పురస్కారాలు పొందాయి. ఢిల్లీకి కనిపించింది, ఫిలింనగర్‌కు కనిపించలేదు.

వీటి నడుమ 1987లో వచ్చింది 'మా ఊరు'. డాక్యుమెంటరీ. అందులో హీరో లేడు, విలన్ లేడు. తెలంగాణ పల్లె ఉన్నది. దాని పని ఉన్నది, పండుగ ఉన్నది, మనుషులున్నారు. ఈ పల్లెలో చూడటానికి ఏమున్నదని అనుకునేవాళ్లకు అదే జవాబు. హంగేరీలో కూడా దానికి గౌరవం దక్కింది. నలభై ఏండ్ల కింద మన ఊరు ఎట్లా ఉండెనో కండ్లతో చూపించే సాక్ష్యం అది. మొగ్గం, బండి, వాడకట్టు మాయమైనాక వాటిని పుస్తకంలో చదివి ఎంత తెలుసుకుంటాం? ప్రజల చరిత్రకు కెమెరా చేసే మేలు ఇదే. పాలకుల చరిత్ర శాసనాల మీద ఉంటది. కూలోళ్ల చరిత్రకు ఇట్లాంటి రీళ్లే శాసనాలు.

2014లో రాష్ట్రం వచ్చింది. 2025లో గద్దర్ పేరిట సినిమా అవార్డులూ ఇచ్చారు. బాగున్నది. అయితే గద్దర్ పాట ఏ సినిమాలో మోగిందో, ఆ సినిమాను మన పిల్లలకు చూపించే బాధ్యత ఎవరిది? పేరు పెట్టడం సులువు. రీలును కాపాడటం కష్టం. ఫిలిం రీలుకు తేమ శత్రువు, వేడి శత్రువు. చల్లని గదుల్లో దాచకపోతే రంగు పోతది, బొమ్మ పోతది. ఒక్కసారి పోయినాక ఏ జీవోతోనూ తిరిగిరాదు.

మేము ప్రభుత్వాన్ని దండలు, శాలువాలు అడగడం లేదు. 'మా భూమి' నుంచి 'మట్టి మనుషులు' దాకా ప్రతి సినిమానూ, 'మా ఊరు'తో సహా, శుభ్రం చేసి డిజిటల్‌లోకి మార్చాలి. పుణెలోని జాతీయ భాండాగారం మీద భారం వేసి ఊరుకోవద్దు. తెలంగాణ తన సినిమాలను తన గడ్డమీదే భద్రం చేసుకోవాలి. బడుల్లో, కాలేజీల్లో పాఠంతోపాటు వీటిని చూపించాలి.

సర్కారు కదిలేదాకా కూసుండే అలవాటు ఉద్యమానికి లేదు. విద్యార్థులారా, మీ హాస్టల్‌లో ఒక గోడ, ఒక ప్రొజెక్టర్ చాలు. ఉద్యోగ సోదరులారా, మీ సంఘం ఆఫీసులో నెలకొక్క సాయంత్రం చాలు. అడిగి, అనుమతి తీసుకొని, ఒక్కొక్క సినిమా వేయండి. చూసినాక మాట్లాడుకోండి. తెలంగాణ సినిమా నిన్నమొన్న పుట్టిందనే మాట మళ్లీ ఎవరన్నా అంటే, 'దాసి' చూసినవా అని అడగండి.