నాబోతు చెల్క ఏమైంది?

పోయిన భాగం చదివి ఇద్దరు మెసేజ్ పెట్టారు. ఒకతను ఉద్యమంలో తమ్ముడు. "పీహెచ్‌డీ చేసినవ్, అంబేద్కర్‌ని చదివినవ్, ఇంకా మోకాళ్ల మీద ప్రార్థనేందక్కా?" రెండో ఆయన మా సంఘ పెద్ద. "సిస్టర్, ఫేస్‌బుక్ తగ్గించి వాక్యంలో ఎదగండి." వాక్యం చదువుతున్నాను కాబట్టే ఇది రాస్తున్నాను. ఇద్దరికీ ఇదే జవాబు.

శామీర్‌పేట చెరువు దాటి మా ఊరి వైపు తిరిగితే ఔటర్ రింగు రోడ్డుకు అటూ ఇటూ వెంచర్ల జెండాలే. ఆ జెండాల మధ్య మా తాతకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ చెల్క ఉండేది. అట్లాంటి భూమి అమ్మినా కొన్నా చెల్లదని 1977 చట్టం. అయినా మా తాత వేలిముద్ర పడింది. ఆ కాగితంలో ఏముందో ఆయనకు చదివి వినిపించినవాడు లేడు. ఇప్పుడక్కడ ఒక పెద్ద గేటు. మా అమ్మ ఆ గేటు లోపల మూడేండ్లు కూలికి గడ్డి పీకింది.

మొన్న శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాఠం మొదటి రాజులు 21వ అధ్యాయం. తెలియనివాళ్ల కోసం కథ చెప్తాను. నాబోతుకు రాజుగారి నగరు పక్కన ద్రాక్షతోట ఉంటుంది. కూరతోట వేసుకుంటాను, నాకియ్యి, ఇంకో మంచి తోటో డబ్బో ఇస్తానంటాడు అహాబు రాజు. మా పితరులది, ఇయ్యనంటాడు నాబోతు. రాజు అలిగి అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంటాడు. రాణి యెజెబెలు రాజముద్ర వేసి ఊరి పెద్దలకు జాబులు రాస్తుంది. ఇద్దరు దొంగసాక్షులు దొరుకుతారు, దైవదూషణ కేసు పడుతుంది, నాబోతును రాళ్లతో కొట్టి చంపుతారు. రాజు పోయి తోట స్వాధీనం చేసుకుంటాడు. మేడ్చల్ జిల్లాలో ఈ కథకు వ్యాఖ్యానం అవసరమా?

మా పాస్టరయ్య (మంచివాడే, జ్వరమొస్తే అర్ధరాత్రయినా వస్తాడు) గంటసేపు యెజెబెలు గురించే చెప్పాడు. యెజెబెలు ఆత్మ ఇప్పుడు ఆడవాళ్లలో పనిచేస్తోందట. లిప్‌స్టిక్కు, సెల్‌ఫోను, మొగునికి ఎదురుచెప్పడం. నాబోతు రెండు నిమిషాల్లో చచ్చిపోయాడు. చివర్లో సందేహాలుంటే అడగమన్నాడు, ఎవరూ అడగరన్న ధైర్యంతో. మా అమ్మ లేచింది.

"అయ్యగారూ, గా నాబోతు చెల్క ఏమైంది? వాని పిల్లలకు మల్ల అచ్చిందా?"

ఎవరో నవ్వారు. "అది లోకసంబంధమైన విషయం తల్లీ. మన స్వాస్థ్యం పరలోకంలో ఉంది" అన్నాడాయన.

"పరలోకంలనే ఉంటే నాబోతు ఇయ్యనని ఎందుకన్నడు? ఆయన గూడ దేవుని బిడ్డనే గద."

పాట ఎత్తుకోమన్నారు.

మా అమ్మ బడికి పోలేదు. ముప్ఫై ఏండ్ల వయసులో, చంకలో నన్ను పెట్టుకుని, సాయంత్రాలు వాడకొచ్చే బైబిలమ్మ దగ్గర అక్షరాలు దిద్దింది. పెద్దబాలశిక్ష సగంలో ఆపి ఆదికాండం పట్టుకుంది. ఇప్పటికీ వేలు పెట్టి, గొణుక్కుంటూ, ఒక్క మాట వదలకుండా చదువుతుంది. నేను ఏండ్ల తరబడి ప్రబంధాలలో వర్ణనలు లెక్కబెట్టి డాక్టరేట్ తెచ్చుకున్నాను. ఆ శుక్రవారం అదే అధ్యాయం నేనూ చదివాను, ఆ ప్రశ్న నాకు రాలేదు. సిగ్గుగానే ఉంది.

తమ్ముడూ, ప్రార్థన అంటే లొంగుబాటు అంటావు. 1860లలో ఒంగోలు దగ్గర ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన వెనక వేల మంది మాదిగలు క్రైస్తవులైనప్పుడు క్లౌ దొర వాళ్లకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డును తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వెట్టివాడు వారానికొక రోజు రానంటే ఊరు ఊరుకుంటుందా? జాతరకు డప్పు కొట్టనన్నందుకు దెబ్బలు తిన్నారు, బావులు మూసేశారు. వాళ్లకు ప్రార్థనకు కూర్చోవడమంటే పని మానడం. నువ్వయితే దాన్ని సమ్మె అంటావు.

అయితే మతం మారినవాళ్ల స్థితి గురించి రాస్తూ అంబేద్కర్ పెట్టిన నింద నాకు గుచ్చుకుంటూనే ఉంది. భారతీయ క్రైస్తవులు సాంఘిక అన్యాయం మీద కొట్లాటకు రారన్నాడు. నిజమే అన్నాడు. భయమూ ఉంది లెండి. 1950 ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే ఇచ్చింది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలుపుకుంది. క్రైస్తవుడైన మాలకూ మాదిగకూ ఇప్పటికీ లేదు, మన దగ్గర బీసీ-సిలో పడేశారు. అందుకే బైబిలు దిండు కింద, సర్టిఫికెట్ బీరువాలో. నా బీరువాలో ఏముందో అడక్కండి. ఇట్లా బతికేవాళ్లకు "లోకసంబంధం" అన్న మాట ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. కానీ పెద్దాయనా, అదే సంఘం లోకసంబంధమైన కానుకలు తీసుకుంటుంది, లోకసంబంధమైన స్లాబ్ వేసుకుంటుంది. వెంచర్ వాళ్లు పంపిన సిమెంటు బస్తాలు లెక్కబెట్టుకున్నది మీరే. వాక్యంలో ఎదగమని మాకు చెప్పేముందు 21వ అధ్యాయం మొదటి వచనం నుంచి చదవండి, రాణి దగ్గర మొదలుపెట్టకుండా.

ఆ రాత్రి పదకొండు దాటాక అమ్మ నన్ను లేపింది. పెద్దక్షరాల బైబిలు ఒళ్లో ఉంది, వేలు రెండవ రాజులు 9వ అధ్యాయం మీద ఉంది. ఏండ్ల తరువాత అహాబు కొడుకు శవాన్ని ఆ నాబోతు పొలంలోనే పారేస్తారు. అక్కడ నాబోతు రక్తంతో పాటు అతని కొడుకుల రక్తం మాట కూడా వస్తుంది. మొదటి కథలో ఆ మాట లేదు. నేను గమనించనే లేదు.

"పిల్లలను గూడ సంపిన్రు బిడ్డా. అడుగుతందుకు ఎవ్వరు మిగల్లే." కాసేపు ఊరుకుంది. "మనం ఉన్నం గద."

అమ్మిన అసైన్డ్ భూమిని వెనక్కి తీసుకుని, వీలైతే అసలు మనిషికో వారసులకో ఇప్పించాలని అదే 1977 చట్టంలో ఉంది. తాత పట్టా కాగితం ట్రంకుపెట్టె అడుగున దొరికింది. నిన్న శుక్రవారం ప్రార్థనలో అమ్మ వంతు వచ్చినప్పుడు సర్వే నంబరు చెప్పి మరీ ప్రార్థించింది. పాస్టరయ్య కొంచెం ఆలస్యంగా ఆమేన్ అన్నాడు. సోమవారం నాకు కాలేజీకి సెలవు. తహసీల్ ఆఫీసుకు ఆమె బైబిలు సంచిలోనే పట్టా పెట్టుకుని పోతున్నాం.

(ఇంకా ఉంది)