సామెతలోని ఆ వెయ్యి మంది

వెయ్యి మందిని చంపితేగానీ వైద్యుడు కాడని మన సామెత. ఆ వెయ్యి మంది ఎవరో సామెత చెప్పదు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి వచ్చే బస్సులో ఎవరినడిగినా చెప్తారు: "సర్కారు దవాఖానల నేర్చుకునే పోరగాండ్లు కోస్తరు బిడ్డా. పైసలుంటే పట్నం పో."

ఈ మాటలో భయం నిజమే, లెక్క తప్పు. 2012లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనం, పీజీలు చెయ్యి కలిపిన ఆపరేషన్లనూ కలపనివాటినీ, మొత్తం 60 వేలకు పైగా, పోల్చి చూసింది. మరణాల్లో తేడా లేదు. టైము ఎక్కువ పట్టింది, కోసిన చోట చీము పట్టడం కాస్త పెరిగింది. అంతే. అయితే అక్కడ కేసు బాధ్యత సీనియర్‌ది. పోరగాండ్లు కొయ్యడం ప్రమాదం కాదు, ఒంటరిగా కొయ్యడం ప్రమాదం.

పోనీ సీనియరైతే చాలా? 2014లో బిలాస్‌పూర్ కు.ని. క్యాంపులో ఒక్కరోజే 83 మంది ఆడవాళ్లకు ఆపరేషన్ చేసిన సర్జన్, 50 వేల ఆపరేషన్లు చేశాడని సర్కారు సన్మానం పొందినవాడు. 13 మంది చనిపోయారు. 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నంలో 34 మందికి చేస్తే నలుగురు పోయారు. టార్గెట్ల కోసం వరస కట్టించి కోస్తున్నప్పుడు నెరిసిన జుట్టు ఎవర్నీ కాపాడదు.

కాబట్టి నా గొడవ పీజీలతో కాదు. ఎవరి ఒంటి మీద నేర్చుకుంటున్నారన్నదే నా గొడవ. సర్జన్, రచయిత అతుల్ గవాండే దాచకుండా రాశాడు: తన కొడుకు గుండెజబ్బుకి ఫాలో-అప్ ఎవరు చూడాలన్నప్పుడు, శిక్షణలో ఉన్న డాక్టర్ని కాదని సీనియర్‌నే ఎంచుకున్నాడు. తండ్రిగా నేనైనా అదే చేస్తాను. ఎంచుకునే వీలున్నవాడు ఎంచుకుంటాడు. మిగిలినవాడే ఆ వెయ్యిలో ఒకడు.

కామారెడ్డికి 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది. సంతోషం. పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచెయ్యాలని జాతీయ నిబంధన కూడా ఉంది. పీజీకి జిల్లా వైద్యం నేర్పడం, జిల్లా వైద్యాన్ని బలపరచడం, రెండూ దాని ఉద్దేశాలే. నేర్పే సీనియర్ కుర్చీ ఖాళీగా ఉంటే మాత్రం మొదటిది ఎగిరిపోతుంది, రెండోది ఖాళీ పూడ్చడమవుతుంది.

"చెప్తే ఎవరూ ఒప్పుకోరు, ఇక మేమెట్ల నేర్చుకోవాలె?" అంటారు డాక్టర్ మిత్రులు. అంటే చెప్పకపోవడం మీదే మీ చదువు నడుస్తోందా? తెలిసి ఇస్తేనే సమ్మతి అని 2008లోనే సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హెర్నియాకో సిజేరియన్‌కో వేలిముద్ర వేయించుకునే ముందు తెలుగులో రెండు వాక్యాలు చదివి వినిపించండి: కోసేది ఎవరు, పక్కన నిలబడే సీనియర్ ఎవరు. రెండో పేరు రాయలేకపోతే ఆ ఆపరేషన్ ఆపండి. ప్రాణం మీదికొచ్చిన కేసైతే చెయ్యండి, కానీ ఆ ఖాళీని రికార్డులో రాయండి.

పేదవాళ్లు ఒప్పుకోరని ఎవరన్నారు? తమ ఒంటితో ఒక డాక్టర్ తయారవుతున్నాడని తెలిస్తే చాలామంది సరేనంటారనే నా నమ్మకం. వాళ్లు ఇచ్చేది దానం. అడక్కుండా తీసుకుంటే దాన్ని దానమనరు.