అమ్మే ముందు సమాధుల లెక్క తేల్చండి

మొయినాబాద్, చేవెళ్ల మండలాల్లో భూమి బేరం పెట్టిన రైతు కుటుంబాలకు ఇది హెచ్చరిక. మీ పొలంలో తాతముత్తాతల సమాధులుంటే, వాటి సంగతి కాగితం మీదికి ఎక్కేదాకా సంతకం పెట్టకండి.

సొంత చెలకలోనే పెద్దలను సమాధి చేసుకున్న కుటుంబాలు ఇక్కడ తక్కువేం కాదు. వేపచెట్టు కింద సున్నం వేసిన గద్దె, తలాపున దీపం గూడు, గూట్లో నిరుటి నూనె మసి. ఊరందరికీ తెలిసిన గుర్తే. పాస్‌పుస్తకంలో మాత్రం సర్వే నంబరు, ఎకరాలు, గుంటలే ఉంటాయి. ఎకరం మొత్తం రాసిస్తే అందులో సమాధీ పోయినట్టే. కొన్నవారు ప్రహరీ కట్టి గేటుకు తాళం వేస్తే, పెత్తరమాసకు దీపం పెట్టడానికి కాపలావాడిని బతిమాలాలి. జేసీబీ దిగితే అదీ ఉండదు.

జంట జలాశయాల రక్షణకు 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవో ఆ ఆంక్షలను సడలించింది. బీజాపూర్ రోడ్డు విస్తరణ కూడా తోడైంది. ఫాంహౌజ్‌లు, వెంచర్ల కోసం వచ్చేవారు ఆగరు. జాగ్రత్త పడాల్సింది మనమే.

చట్టం లేదా అంటే ఉంది. సమాధి స్థలంలోకి అక్రమంగా చొరబడితే భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయితే ఇతరుల మనసు నొప్పించాలనే ఉద్దేశమో, నొచ్చుకుంటారన్న ఎరుకో ఉన్నట్టు రుజువు కావాలి. ‘రాళ్ల కుప్ప అనుకున్నాం’ అంటే కేసు నీరుగారుతుంది. ఆ మాటకు తావు లేకుండా చేసేది దస్తావేజే.

కాబట్టి ముందే సర్వేయరుతో కొలిపించి, హద్దురాళ్లు పాతించండి. సమాధులున్న గుంటలను అమ్మకం నుంచి మినహాయించి, నాలుగు హద్దులతో దస్తావేజులో రాయించండి. అక్కడికి వెళ్లే బాట హక్కునూ అందులోనే చేర్చండి. ఫొటోలు తీసి పెట్టుకోండి. అన్నదమ్ములందరి సంతకాలూ ఉండాలి. కొత్త వైకుంఠధామం వచ్చిందని ఊరి పాత బొందలగడ్డను వదిలేయొద్దు. దాని హద్దులనూ పంచాయతీ కొలిపించి, తీర్మానం చేయాలి. ఖబ్రస్థాన్‌లకూ ఇదే మాట.

బందరు, భీమిలి తీరాల్లో 17, 18 శతాబ్దాల డచ్చివారి సమాధులు నేటికీ నిలిచి ఉన్నాయి. సముద్రం దాటి వచ్చిన ఆ వర్తకుల వారసులెవరూ అక్కడ లేరు. పేర్లు, తేదీలు చెక్కిన రాళ్లే వారి సంగతి చెబుతున్నాయి. మన పెద్దలకు వారసులున్నారు, రాతే లేదు.

అడ్వాన్సు చేతిలో పడ్డాక షరతులు పెడితే ఎవరూ వినరు. బేరం నాడే పెట్టండి.